బార్డెలిస్‌లో ఆ కాపలా సైనికుడు జాన్ వేనేనా?

కోనసీమ కుర్రాడు:
హాలీవుడ్ కౌబాయ్ సినిమాల హీరో జాన్ వేన్ చేసిన సినిమాల జాబితాలో మొదట్లోనే ‘బార్డెలిస్ ద మాగ్నిఫిసెంట్’ (1926) కనిపించింది. వేషం కాపలా సైనికుడు, టైటిల్స్‌లో పేరు లేదు. ఒకచోట ఈ మూకీకి ప్రింటే మిగల్లేదని రాశారు, ఇంకోచోట డీవీడీ ఉందన్నారు. ఏది నిజం? చూసినవాళ్లుంటే చెప్పండి.

పాత రీలు:
రెండూ నిజమేనండి. సుమారు డెబ్బై ఏళ్లపాటు ఇది పోయిన సినిమాయే. 2006లో ఫ్రాన్స్‌లో ఒక ప్రింటు బయటపడింది. అందులో మూడో రీలు లేదు. ఆ భాగాన్ని స్టిల్స్‌తో, పాత ట్రైలర్ ముక్కలతో పూరించి 2009లో డీవీడీ తెచ్చారు.

నన్నడిగితే పోయింది అనకూడదు, చంపేశారు అనాలి. ఈ సినిమాకు ఆధారమైన రఫయెల్ సబాటినీ నవల హక్కులు ఎం.జి.ఎం. స్టూడియో పదేళ్లకే కొనుక్కుంది. 1936లో గడువు తీరింది. అప్పటికి టాకీలు వచ్చి మూకీలను అడిగే నాథుడు లేడు, మళ్లీ డబ్బు కట్టడమెందుకని ఊరుకున్నారు. ఒప్పందం ప్రకారం నెగటివ్, ప్రింట్లు నాశనం చేశారు. హీరో జాన్ గిల్బర్ట్ చనిపోయింది కూడా ఆ ఏడాది జనవరిలోనే. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

జాన్ వేన్ సంగతికొస్తే, అప్పటికి ఆ పేరే లేదు. మేరియన్ మోరిసన్ అనే పంతొమ్మిదేళ్ల కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు. స్టూడియోలో సామాన్లు మోస్తూ, మనిషి తక్కువైనప్పుడు గుంపులో గోవిందయ్యగా నిలబడేవాడు. తెరమీద పేరు పడింది 1929లో, అదీ డ్యూక్ మోరిసన్ అని. జాన్ వేన్ అయింది 1930లో ‘ద బిగ్ ట్రైల్’తో.

కోనసీమ కుర్రాడు:
థాంక్సండి. అయితే ఏ సీన్‌లో వెతకాలి?

పాత రీలు:
దయచేసి అతని కోసం మాత్రమే చూడొద్దు. సైనికుల ముఖాలు ఆపి ఆపి చూస్తూ కూర్చుంటే అసలు సినిమా చేజారిపోతుంది. పడవ సీన్ చూడండి. గిల్బర్ట్, హీరోయిన్ ఎలినార్ బోర్డ్‌మన్ పడవలో మెల్లగా సాగుతుంటే ఒడ్డునుంచి వంగిన విల్లో కొమ్మలు తెరలు తెరలుగా వచ్చి వాళ్లను తాకుతూ పోతాయి. ఒక్క మాట లేదు. కింగ్ విడార్ ఎంత దర్శకుడో అర్థం కావడానికి అదొక్కటి చాలు. చివర్లో ఉరికంబం దగ్గర్నుంచి హీరో తప్పించుకునే హడావిడి వేరే సరదా.

అన్నట్టు, విడారే తీసిన ‘షో పీపుల్’ (1928)లో జనం హాల్లో కూర్చుని బార్డెలిస్ చూసే సీను ఉంది. ప్రింటు దొరకక ముందు మాలాంటివాళ్లకు ఆ కాసిని షాట్లే దిక్కు.

ఏలూరు వాసి:
మన ఎల్.వి.ప్రసాద్ గారిదీ ఇలాంటి కథే కదండీ? మా ఏలూరు పక్కన సోమవరప్పాడు నుంచి బొంబాయి వెళ్లి, చిన్నాచితకా పనులు చేస్తూ వేషాలు వేశారు. ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్త ప్రహ్లాద’, మూడు భాషల తొలి టాకీల్లోనూ ఉన్నారు.

పాత రీలు:
బాగా గుర్తుచేశారు. అంతకుముందు ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ అనే మూకీలోనూ చిన్న వేషం వేశారు. మీరు చెప్పిన మూడు టాకీల్లో ఒక్కదానికీ ప్రింటు లేదు. ‘మనదేశం’లో ఎన్టీఆర్‌ను పరిచయం చేసిన మనిషి కుర్రతనంలో తెరమీద ఎలా ఉండేవారో చూసే భాగ్యం మనకు లేకుండా పోయింది.

కానీ ఫ్రాన్స్‌లో ఆ ప్రింటు దొరుకుతుందని మాత్రం ఎవరనుకున్నారు? అందుకే అడుగుతున్నా. మీ తాతల్లో ఎవరైనా టూరింగ్ టాకీస్ నడిపి ఉంటే అటకమీద తుప్పు పట్టిన రేకు డబ్బాలను పాత సామాన్లవాడికి వేయకండి. లోపలిది నైట్రేట్ ఫిలిం కావచ్చు, అగ్గి అంటుకుంటే ఆరదు. దీపం దగ్గరకు తీసుకెళ్లకుండా, రీలు విప్పకుండా పుణెలోని ఫిల్మ్ ఆర్కైవ్‌కు కబురు పెట్టండి. డబ్బా మీద చీటీ ఉంటే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చదవడానికి నేనున్నాను.