అప్‌డేట్: ఉపాధ్యాయ శిక్షణ సలహాదారు కావడం గురించి

ఒడిశాలోని పర్లాకిమిడిలో బడి ఉద్యోగం చేస్తూనే పాఠశాలలకు వృత్తి వికాస సలహాదారుగా (ఉపాధ్యాయులు బోధన మెరుగుపరచుకోవడానికి తోడ్పడే వ్యక్తిగా) తయారవడం ఎలాగని ఇంతకుముందు అడిగాను. ముందు ఇతరుల తరగతులు గమనించమన్న మీ సలహానే పాటించాను. ఒక గణిత ఉపాధ్యాయిని అనుమతితో వెనుక బల్లపై కూర్చుని, ప్రశ్న వేశాక ఆమె ఎంతసేపు ఆగుతున్నారో మాత్రమే రాసుకున్నాను. చాలాసార్లు సెకను గడవకముందే జవాబు ఆమే చెప్పేస్తున్నారు. కనీసం 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు మెరుగవుతాయన్న అమెరికన్ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశోధనపై ఉపన్యాసమివ్వకుండా, నేను రాసుకున్న కాగితాన్నే ఆమె ముందుంచాను. తరువాతి పాఠంలో ఆగారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఒడియాలో మాటలు కూడదీసుకునే వ్యవధి దొరికింది. జాతీయ విద్యావిధానం 2020 ఉపాధ్యాయులకు ఏటా 50 గంటల వృత్తి వికాసాన్ని నిర్దేశించింది కనుక ఈ పనికి అవసరం ఉంది, ఆ గంటలన్నీ స్లైడ్లతోనే గడిచిపోతాయేమోనన్న అనుమానమూ నాకుంది. ప్రస్తుతానికి ఉద్యోగం మానడం లేదు.