చైనీస్ మాట 'యీ'కి తెలుగులో ఏ మాట తగును?

పోస్టు:
ప్రాచీన చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ మాటల సంకలనం 'అనలెక్ట్స్' నాలుగో అధ్యాయంలో 16వ వాక్యాన్ని తెలుగు చేస్తున్నాను. ఇంగ్లీషు చూసి "సజ్జనుడు ధర్మాన్ని గ్రహిస్తాడు, అల్పుడు లాభాన్ని గ్రహిస్తాడు" అని రాశాను. తప్పేమీ కనిపించడం లేదు గానీ చప్పగా ఉంది. మూలం తెలిసినవాళ్లు కాస్త చూసి చెప్తారా?

జవాబు:
నా అభ్యంతరం 'ధర్మం' దగ్గరండీ. మూలంలో ఉన్న మాట 'యీ'. ధర్మం అనగానే మనకు వర్ణం, కర్మ, పురుషార్థాలు అన్నీ వెంటబడి వస్తాయి. వాటికీ ఈ మాటకూ సంబంధం లేదు. కన్ఫ్యూషియన్ల పాత గ్రంథం ఒకటి ఈ మాటకు సూటిగా అర్థం చెప్పింది: యీ అంటే తగి ఉండటం. ఇంతకంటే తెలుగు మాట ఇంకేం కావాలి? "ఇది నీకు తగునా?" అని మన పెద్దవాళ్లు అడిగేది సరిగ్గా ఇదే.

పాత తెలుగులో 'తగవు' అంటే న్యాయం, ఔచిత్యం. న్యాయం ఎవరి వైపుందో తేల్చాల్సిన వివాదాన్నీ తగవే అన్నారు. ఇప్పుడు ఆ గొడవ ఒక్కటే మిగిలి, న్యాయం జారిపోయింది. నాకు బాధ కలిగించే మార్పుల్లో ఇదొకటి.

'సజ్జనుడు' కూడా మార్చండి. మూలంలో 'జూన్‌జ్', అక్షరాలా దొర కొడుకు. పుట్టుకను చెప్పే మాటను కన్ఫ్యూషియస్ నడతకు తిప్పాడు. ఎదురుగా ఉన్న 'షియావ్‌రెన్' అంటే చిన్నమనిషి. మన 'పెద్దమనిషి'లోనూ హోదా, నడత రెండూ ఉన్నాయి. పైగా ఊళ్లో తగవు తీర్చేది పెద్దమనిషే కదా!

ఇక 'లీ', అంటే లాభం. ఆ అక్షరాన్ని దగ్గరగా చూడండి: ఎడమవైపు పైరు, కుడివైపు కత్తి. పదును అనే అర్థం కూడా దానికుంది. పండిన పైరు కోసుకోవడం పాపమేమీ కాదు. ఏడో అధ్యాయంలో ఆయనే, సంపద వెతికితే దొరికేదైతే కొరడా పట్టుకునే కొలువైనా చేస్తానన్నాడు. ముతక అన్నం తిని, నీళ్లు తాగి, మడిచిన మోచేయి మీద తల పెట్టుకున్నా అందులో సంతోషం ఉందనీ, తగని దారిలో వచ్చే సిరీ హోదా తనకు తేలిపోయే మబ్బులాంటివనీ అదే అధ్యాయంలో ఉంది. కాబట్టి లాభాన్ని 'దురాశ' చేయకండి.

కామెంటు:
లాభానికి, కన్ఫ్యూషియస్ బాటలో నడిచిన తర్వాతి కాలపు తత్వవేత్త మెన్షియస్ గ్రంథం మొదటి పేజీ చూడాలండీ. ల్యాంగ్ రాజు హుయ్ ఆయన్ని చూడగానే, ఇంత దూరం వచ్చారు, మా రాజ్యానికి ఏం లాభం చేకూరుస్తారని అడుగుతాడు. లాభం మాట ఎందుకు రాజా అని మెన్షియస్ ఆపేస్తాడు. నా రాజ్యానికేం లాభమని రాజు, నా ఇంటికేం లాభమని మంత్రి, నాకేం లాభమని మామూలు మనిషి అడుగుతూ పోతే రాజ్యం నిలవదంటాడు. మనం రోజూ "చెప్పి ఏం లాభం?" అంటామే, రాజు నోట ఆ మాటే పెట్టొచ్చు.

జవాబు:
చాలా బాగా చెప్పారు. మిగిలింది క్రియ. మూలంలోని 'యూ' అంటే తెలియడం, మనసుకు ఎక్కడం. అది ఎక్కడి నుంచి వస్తుందో 1181లో లు జియుయ్వాన్ అనే చైనా పండితుడు ఈ ఒక్క వాక్యం మీద ప్రసంగించి చెప్పాడు. మరో పేరున్న పండితుడు జు షీ ఆహ్వానం మీద, తెల్లజింక గుహ విద్యాలయంలో. మనసు దేని మీద ఉంటే అలవాటు దానికే పడుతుంది, అలవాటు పడిందే తెలుస్తుంది అన్నాడు. పగలూ రాత్రీ మహాత్ముల పుస్తకాలే చదువుతూ కొలువు, జీతం మీదే చూపు పెట్టుకున్న, సర్కారు కొలువు పరీక్షలకు చదివే విద్యార్థుల సంగతి తీశాడు. విన్నవాళ్లలో కొందరు కంటతడి పెట్టారు. తనతో ఏకీభవించని ఆ పండితుడి ప్రసంగాన్ని జు షీ రాతి మీద చెక్కించాడు. పిల్లల ర్యాంకుల టెన్షన్‌లో ఉండే తల్లిగా ఆ భాగం నేను ఒక్కసారిలో చదవలేకపోయాను.

పోస్టు పెట్టినవారు:
ధన్యవాదాలండీ. 'తగవు' అని రాస్తే ఇప్పటి పాఠకులు కొట్లాట అనుకుంటారు, అందుకే ఇలా మార్చాను: "పెద్దమనిషికి తగినదేదో తెలుస్తుంది. చిన్నమనిషికి లాభమేదో తెలుస్తుంది." కింద తగవు గురించి ఒక వివరణ ఇస్తాను.