వాకిషా మంచినీళ్ల విషయంలో పక్క దేశపు మేయర్లు తలదూర్చడం న్యాయమేనా?

వాకిషా_వాసి:

అమెరికా, కెనడా నగరాలు చేతులు కలపడం మంచిదేనని అందరూ అంటారు. నేనూ అంటాను. కానీ ఆ కూటమి ఒక చిన్న ఊరి తాగునీటికే అడ్డం పడితే? దీని మీద మీ అభిప్రాయాలు కావాలి.

తెలియనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. మా వాకిషా విస్కాన్సిన్‌లో, మిల్వాకీకి పడమరన ఉంది. జనాభా డెబ్భై వేల పైచిలుకు. ఏళ్ల తరబడి లోతు బోర్ల నీళ్లే తాగాం. ఇసుకరాయి పొరల్లోంచి వచ్చే ఆ నీళ్లలో రేడియోధార్మిక పదార్థమైన రేడియం సహజంగానే ఉంటుంది. తోడేకొద్దీ మట్టం పడిపోయింది, రేడియం పెరిగింది. లీటరుకు 5 పికోక్యూరీలు (రేడియోధార్మికత కొలత) దాటకూడదని కేంద్రం నిబంధన. మా నీళ్లు దాన్ని దాటేవి. పసిపిల్లలున్న ఇంట్లో అలాంటి నోటీసు చదవడం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

మిచిగన్ సరస్సు మాకు పదిహేను మైళ్ల పైచిలుకు దూరం. కానీ మేం దాని పరీవాహక ప్రాంతానికి (బేసిన్‌కి) కాస్త అవతల ఉన్నాం. ఇక్కడ పడిన వాన ఫాక్స్ నదిలో కలిసి ఇల్లినాయ్ మీదుగా మిసిసిపీకి పోతుంది. మిచిగన్‌తో కలిపి అమెరికా, కెనడా దగ్గరున్న అయిదు పెద్ద సరస్సులే గ్రేట్ లేక్స్. వాటి చుట్టూ ఉన్న ఎనిమిది అమెరికన్ రాష్ట్రాల ఒప్పందం, 2008లో అమల్లోకి వచ్చిన గ్రేట్ లేక్స్ కాంపాక్ట్ ప్రకారం సరస్సుల నీళ్లు బేసిన్ దాటకూడదు. బేసిన్ గీత మా కౌంటీ మధ్యలోంచి పోతుంది కాబట్టి మినహాయింపు అడిగే హక్కు మాకు ఉంది, కానీ ఎనిమిది రాష్ట్రాల గవర్నర్లూ ఒప్పుకోవాలి. 2016 జూన్‌లో ఎనిమిదిమందీ ఒప్పుకున్నారు. మేం అడిగింది రోజుకు 1 కోటి 1 లక్ష గ్యాలన్లు, ఇచ్చింది 82 లక్షలు. అదీ వాడుకున్నంత శుద్ధి చేసి తిరిగి సరస్సుకే పంపాలన్న షరతు మీద.

అప్పుడు దిగింది గ్రేట్ లేక్స్, సెయింట్ లారెన్స్ నగరాల కూటమి. రెండు దేశాల్లోనూ వందకు పైగా ఊళ్లున్న సంఘం. అనుమతి చెల్లదు, మళ్లీ విచారణ జరపాలని సవాలు చేసింది. 2017లో రాజీ కుదిరేదాకా కోర్టు భయం మా నెత్తిన వేలాడింది. చివరికి 2023 అక్టోబరులో మిల్వాకీ నుంచి సరస్సు నీళ్లు మా కొళాయికి వచ్చాయి.

నా వాదన ఒక్కటే. మా కొళాయిలో ఏం రావాలో నిర్ణయించే హక్కు సరస్సు అవతలి మేయర్లకు ఎవరిచ్చారు?

టొరంటో_సిక్కోలు:

మీ పిల్లల నీళ్ల గురించి మీకున్న బెంగ నాకు అర్థమవుతుంది. కానీ ఆ హక్కు ఎక్కడిదో చెప్తాను వినండి.

గ్రేట్ లేక్స్‌లో ప్రపంచపు ఉపరితల మంచినీటిలో సుమారు అయిదో వంతు ఉంది. చూడ్డానికి సముద్రం. అందులో వానా మంచూ ఏటా కొత్తగా నింపేది ఒక్క శాతమే. మిగతాదంతా హిమయుగం వదిలి వెళ్లిన నిల్వ. ఆ నిల్వ మీద రెండు దేశాల్లో మూడు కోట్లకు పైగా జనం బతుకుతున్నారు. టొరంటోలో మా ఇంట్లో కొళాయి తిప్పినా వచ్చేది ఒంటారియో సరస్సే. మిచిగన్‌లోంచి పోయిన నీళ్లు హ్యూరన్, ఈరీ దాటి మా దగ్గరికి రావాల్సినవే.

ఇప్పుడు ఓటు సంగతి. మీ ఊరి అనుమతి మీద ఓటేసింది ఎనిమిది అమెరికన్ రాష్ట్రాలు. కెనడా రాష్ట్రాలైన ఒంటారియో, క్యూబెక్‌లకు అభిప్రాయం చెప్పే చోటుంది, ఓటు లేదు. రాష్ట్రానికే ఓటు లేకపోతే నగరానికి ఎక్కడుంటుంది? నా మేయరు మాట్లాడగలిగిన చోటు ఆ కూటమి ఒక్కటే. షికాగో మేయర్ రిచర్డ్ డేలీ 2003లో దాన్ని మొదలుపెడితే, టొరంటో మేయర్ డేవిడ్ మిల్లర్ కెనడా వైపు నుంచి తోడు నిలిచారు. మేయర్లు వేరే దారి లేక పట్టిన దారి అది.

ఇంత భయం ఎందుకంటారా? 1998లో ఒంటారియో ప్రభుత్వం ఒక కంపెనీకి సుపీరియర్ సరస్సు నీళ్లను ఏడాదికి 60 కోట్ల లీటర్లు ఓడల్లో ఆసియాకు పంపుకోమని అనుమతి ఇచ్చింది. జనం మండిపడ్డాక రద్దు చేశారు. మీరు చెప్పిన కాంపాక్ట్ పుట్టింది ఆ గొడవలోంచే. తప్పు చేసింది మా ప్రభుత్వమే. అందుకే మొదటి మినహాయింపు అంటే మాకు గుండె దడ. కాంపాక్ట్ వచ్చాక బేసిన్‌కి పూర్తిగా అవతలున్న ఊళ్లలో మొదట అనుమతి పొందింది మీ ఊరే. ఇవాళ మీకు రేడియం. రేపు ఇంకొకరికి కరువు.

నేపర్విల్_రెడ్డి:

అక్కా, సూత్రం బాగుంది. కానీ ఆ కూటమిని మొదలుపెట్టిన షికాగో సంగతి ఎవరూ ఎత్తరేం?

నేను షికాగో శివారులో ఉంటాను. మా నేపర్విల్ కూడా బేసిన్ బయటే. మేం తాగేది మిచిగన్ సరస్సు నీళ్లే, షికాగో నుంచి కొని పైపుల్లో తెస్తారు. వాడుకున్నాక అవి డ్యూపేజ్ నదిలోకి, అక్కడి నుంచి మిసిసిపీకి పోతాయి. సరస్సుకి ఒక్క చుక్క తిరిగి వెళ్లదు. మమ్మల్ని ఎవరూ ఆపలేదు, ఎందుకంటే సరస్సులో కలిసే తన నదిని షికాగో 1900లోనే వెనక్కి, మిసిసిపీ వైపు తిప్పేసింది. పక్క రాష్ట్రాలు కోర్టుకెళ్తే సుప్రీంకోర్టు ఇల్లినాయ్‌కి సెకనుకు 3,200 ఘనపుటడుగుల హద్దు పెట్టింది. కాంపాక్ట్ దాన్ని ముట్టుకోలేదు.

లెక్క వేసి చూడండి. అది రోజుకు 200 కోట్ల గ్యాలన్లు దాటుతుంది. వాకిషాకి ఇచ్చింది 82 లక్షలు. రెండు వందల యాభై రెట్ల తేడా! వాకిషా ఎంత తీసుకుంటే అంత తిరిగిస్తుంది. ఇంత చిన్న ఊరిని పట్టుకుని నిలదీసిన కూటమి పుట్టిందే షికాగోలో. సభ్యుల తప్పులు కనపడని సంఘం బయటివాళ్లకు నీతి చెబితే నాకు ఒళ్లు మండుతుంది.

కెనడాలోని మాంట్రియల్ సంగతీ చెప్పాలి. 2015 నవంబరులో పెద్ద మురుగు కాలువ మరమ్మతు పేరుతో వందల కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేయకుండానే సెయింట్ లారెన్స్ నదిలోకి వదిలారు. అదీ పెద్ద నగరమే, అదీ ఆ నీళ్ల మీద బతికేదే.

తెనాలి_ఏఈ (రిటైర్డ్):

మునిసిపాలిటీలో నీటి సరఫరా విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఒహాయోలో ఉంటుంది కాబట్టి ఈ సరస్సుల గొడవ కొంత తెలుసు.

ఇక్కడ రెండు రకాల సహకారాన్ని కలిపేస్తున్నారు. ఒకటి నేర్చుకోవడం. కొలంబియాలోని బొగొటా 1974లో ఆదివారాలు రోడ్లు మూసి సైకిళ్లకు, నడిచేవాళ్లకు వదిలింది. దాన్ని చూసి మెక్సికోలోని గ్వాదలహార 2004లో మొదలుపెట్టింది, లాస్ ఏంజెలెస్ 2010లో మొదలుపెట్టింది. బస్సుకి వేరే దారి అన్నది బ్రెజిల్‌లోని క్యురిచీబాలో 1974లో వచ్చింది, 2000లో బొగొటాకి చేరింది. వార్డు జనమే బడ్జెట్‌లో పనులు ఎంచుకోవడం 1989లో బ్రెజిల్‌లోనే పోర్తో అలెగ్రేలో మొదలైంది, ఖండాలు దాటింది. 1995లో దక్షిణ అమెరికాలో పన్నెండు నగరాలు పరాగ్వే రాజధాని అసున్సియోన్‌లో కూర్చుని మెర్కోసియుదాదెస్ అని సంఘం పెట్టుకుంటే ఇవాళ అందులో వందల ఊళ్లున్నాయి. ఇలాంటి సహకారంలో ఎవరికీ నష్టం లేదు. నచ్చితే తీసుకుంటారు, లేకపోతే లేదు.

రెండోది పంచుకోవడం. ఒకే నది, ఒకే సరస్సు. ఇక్కడ ఒకడు తీసుకుంటే ఇంకొకడికి తగ్గుతుంది, ఒకడు పాడుచేస్తే ఇంకొకడు తాగాలి. ఇందులో పోట్లాట తప్పదు. పోట్లాడుకోని చోట నిజంగా పంచుకునేది ఏమీ లేదని నా అనుభవం. కాబట్టి కూటమి వాకిషాని సవాలు చేసిందని నేను దాన్ని తప్పుపట్టను. మన కృష్ణా బోర్డులో రెండు రాష్ట్రాల ప్రతినిధులుంటారు. నది ఒడ్డునే ఉన్న విజయవాడ కార్పొరేషన్‌కి అందులో కుర్చీ లేదు. టొరంటో మేయరుకి కనీసం గొంతెత్తే వేదిక ఉందని నాకు అసూయగానే ఉంది.

చులావిస్టా_వరంగల్:

వేదికే లేకపోతే ఎట్లుంటదో నేను చెప్త.

మాది శాండియేగో దక్షిణాన, మెక్సికో బార్డర్ పక్కన. టిహువానా నది అటు నుంచి ఇటు పారుతది. అటు దిక్కున్న టిహువానా ఊరి మురుగు పట్టలేక పొంగి మా సముద్రంల కలుస్తది. పక్కనే ఇంపీరియల్ బీచ్‌ల తీరం వెయ్యి రోజులకు పైనే మూసి ఉండె. రాత్రి పూట కుళ్లిన గుడ్ల వాసన. కిటికీలు తెరవరు. గాలి శుభ్రం చేసే మిషన్లు ఇండ్లకు పంచే పరిస్థితి వచ్చింది. మా బాబును అల కాడికి తీస్కపోయి ఎన్నేండ్లయిందో.

ఇక్కడ మేయర్లకు మనసు లేక కాదు. ఇటు మేయర్లు, అటు మేయర్లు కలుస్తరు, మాట్లాడుకుంటరు. కానీ పైపు, పంపు, ప్లాంటు అన్నీ రెండు దేశాల సరిహద్దు జల కమిషన్ చేతుల ఉన్నయి, అది 1944 ఒప్పందం కింద నడుస్తది. అటు దిక్కు నీళ్ల సంస్థ రాష్ట్ర ప్రభుత్వానిది, టిహువానా కార్పొరేషన్‌ది కాదు. దాంతోని 2018ల ఇంపీరియల్ బీచ్, చులావిస్టా కలిసి కమిషన్ అమెరికా విభాగం మీదనే కోర్టుకు పోయినయి. ఒక ఊరు తన దేశపు సంస్థ మీదనే కేసు వేసుడు చూడండి.

మీరు ‘మేయర్లు ఎందుకు తలదూర్చాలె’ అంటున్రు. మా దగ్గర మేయర్లకు తలదూర్చే కిటికీ లేక ఇన్నేండ్లు ఈ కంపుల బతుకుతున్నం.

వాకిషా_వాసి:

చులావిస్టా అన్నగారూ, మీ పరిస్థితి చదివి బాధేసింది. కానీ మీ దగ్గర మురుగు వదిలేది అవతలి ఊరు, బాధపడేది మీరు. మా దగ్గర ఎవరికి నష్టం జరిగింది? తీసుకున్నంత తిరిగిస్తున్నాం. శుద్ధి చేసిన నీళ్లు రూట్ నదిలో వదిలితే అవి రసీన్ దగ్గర సరస్సులో కలుస్తాయి. దానికి పైపులు, పంపులు అన్నీ కలిపి 28 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు. ఆ భారం మా నీటి బిల్లులో కనిపిస్తోంది.

రసీన్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మా శుద్ధి నీళ్లు తమ నదిలో వద్దని రసీన్ మేయరు గట్టిగా వ్యతిరేకించారు. 2018లో అదే రసీన్, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ కోసం రోజుకు 70 లక్షల గ్యాలన్లు బేసిన్ దాటించడానికి అనుమతి తెచ్చుకుంది. దానికి ఎనిమిదిమంది గవర్నర్లు అక్కర్లేదు, విస్కాన్సిన్ ఒక్కటే సంతకం పెట్టింది. ఆ నీళ్లలో దాదాపు 27 లక్షల గ్యాలన్లు తిరిగి రావని దరఖాస్తులోనే ఉంది. తాగునీటికి అంత రభస చేసినవాళ్లు ఫ్యాక్టరీ దగ్గర మా మీద పోరాడినంత పోరాడలేదు.

ఇంకో విషయం. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనకి మా ఊరి ఊటనీళ్లను పైపులో పట్టుకుపోవాలని ఒక వ్యాపారి చూశాడు. 1892లో రాత్రికి రాత్రి పైపు వేయడానికి మనుషుల్ని రైల్లో దింపితే ఊరు ఊరంతా తుపాకులతో అడ్డం తిరిగి వెనక్కి పంపేసింది. నీళ్ల మీద ఊరికి ఉండే పట్టు మాకు బాగా తెలుసు. అందుకే టొరంటో అక్కగారి భయం నాకు తెలియనిది కాదు. ఆ భయం బలమైనవాడి ముందు కూడా కనిపించాలంటున్నాను.

టొరంటో_సిక్కోలు:

ఈ మాటతో నాకు పేచీ లేదు. రసీన్ విషయంలో మీరన్నది నిజం, మాంట్రియల్ విషయంలో నేపర్విల్ తమ్ముడన్నది నిజం. కానీ ‘నష్టం ఎవరికి’ అన్నారే, దానికి జవాబు చెప్పాలి.

మీ అనుమతిలో ఉన్న షరతులు గాల్లోంచి ఊడిపడలేదు. మీరు అడిగిన 1 కోటి 1 లక్ష గ్యాలన్లు 82 లక్షలకు తగ్గింది. పక్క గ్రామాలకు కూడా నీళ్లు ఇస్తామని గీసిన సరఫరా పటం చిన్నదైంది. సరస్సు చుట్టూ ఉన్న జనం, ఊళ్లు, పర్యావరణ సంఘాలు వేల ఉత్తరాలు రాశాయి కాబట్టి గవర్నర్లు అంత జాగ్రత్తపడ్డారు. 2017 రాజీలో కూటమి మీ నీళ్లను ఆపలేదు. ముందు ముందు ఎవరైనా ఇలా అడిగితే విచారణ ఎలా జరపాలి, జనం మాట ఎక్కడ వినాలి అన్న నిబంధనలు సరిచేయించుకుని తప్పుకుంది. మీకు నీళ్లు వచ్చాయి, మాకు పద్ధతి వచ్చింది. ఇది తలదూర్చడమైతే ఇంకా తలదూర్చమంటాను.

తెనాలి_ఏఈ (రిటైర్డ్):

ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డునున్న టోలెడో సంగతి కూడా చూడండి. 2014 ఆగస్టులో ఈరీ సరస్సులో నాచు విషం తేరింది. నాలుగైదు లక్షలమందికి కొళాయి నీళ్లు తాగొద్దన్నారు, కాచినా పనికిరావన్నారు. కాస్తే విషం ఇంకా చిక్కబడుతుంది మరి. ఆ నాచుకి తిండి పెట్టేది మామీ నదిలో కొట్టుకొచ్చే పొలాల ఎరువు. టోలెడో కార్పొరేషన్ ఎంత మంచి ప్లాంటు కట్టుకున్నా పై పొలాల మీద దానికి అధికారం లేదు. 2015లో ఒహాయో, మిచిగన్, ఒంటారియో కలిసి, ఎరువుతో సరస్సులోకి చేరే ఫాస్ఫరస్‌ను 2025 నాటికి 40 శాతం తగ్గిస్తామని సంతకాలు చేశాయి. గడువు దాటింది, పని పూర్తి కాలేదు. సంతకం పెట్టింది రాష్ట్రాలు, నీళ్ల బాటిళ్ల కోసం క్యూలో నిలబడింది ఊరి జనం.

ఇలాంటి చోట మేయర్ల కూటమి గట్టిగా పట్టుకోవాల్సింది ఎరువుని. వాకిషా మీద పెట్టిన లాయరు ఖర్చు ఒహాయో పొలాల గట్ల మీద పెట్టి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. గట్టు వెంట గడ్డి పట్టీ పెంచితే కాలువలోకి పోయే ఎరువు ఎంత తగ్గుతుందో నేను కళ్లారా చూశాను.

నేపర్విల్_రెడ్డి:

గారూ, ఎరువు సంగతి ఒప్పుకుంటాను. కానీ షికాగోని వదిలేస్తే నేను ఒప్పుకోను.

మాకు దక్షిణాన జోలియట్ ఉంది. వాకిషాది, దానిదీ ఒకే జబ్బు: లోతు ఇసుకరాయి బోర్లు ఎండిపోతున్నాయి. జోలియట్, చుట్టుపక్కల ఊళ్లు కొన్ని కలిసి షికాగోతో ఒప్పందం చేసుకున్నాయి. 2030 నాటికి సరస్సు నీళ్లు వస్తాయి. ఇల్లినాయ్ కోటాలోంచి కాబట్టి గవర్నర్ల ఓటు లేదు, తిరిగి పంపాలన్న షరతూ లేదు. అమ్మేది షికాగో, డబ్బు వచ్చేది షికాగోకి.

జోలియట్‌కి నీళ్లు ఇవ్వొద్దని నేను అనను, తాగునీళ్లు ఎవరికైనా తాగునీళ్లే. షికాగో, జోలియట్ రెండూ ఎంత తీసుకుంటున్నాయో, ఎంత లీకై పోతోందో ఏటా కూటమి ముందు పెట్టాలి, కెనడాలోని విండ్సర్ మేయరు అడిగితే జవాబు చెప్పాలి. వాకిషా చేత గ్యాలన్ గ్యాలన్‌కీ లెక్క చెప్పించాక ఆ మాత్రం అడగడానికి కూటమికి మొహమాటం దేనికి? పాత పైపుల్లో కారిపోయే నీళ్లు ఆపినా కొత్త ఊళ్లకు చాలా వరకు సరిపోతాయి.

టొరంటో_సిక్కోలు:

ఇదైతే మా కౌన్సిలర్‌కి నేనే రాస్తాను. టొరంటో కూడా ఆ లెక్క ఇవ్వాలని కలిపి రాస్తాను, మా పైపులూ పాతవే.