కంపెనీ వదిలేసిన ఫోనుకు మనమే కొత్త ఆండ్రాయిడ్ ఎక్కించుకోవడం: పొదుపా, ప్రమాదమా?

తుంగభద్ర:

2017లో కొన్న ఫోను ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. స్నాప్‌డ్రాగన్ 625 చిప్, 4 జీబీ ర్యామ్, గీత పడని తెర. రెండేళ్ల కిందట బ్యాటరీ ఒక్కటి మార్పించాను. తయారుచేసిన కంపెనీ మాత్రం దాన్ని ఆండ్రాయిడ్ 7.0 దగ్గరే ఆపేసి, ఆ పైన కొన్నాళ్లు భద్రతా ప్యాచ్‌లు పంపి, చేతులు దులుపుకుంది. పోయిన దసరా సెలవుల్లో నేనే కూర్చుని దానికి లీనియేజ్ ఓఎస్, అంటే స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేసి ఇచ్చే ఆండ్రాయిడ్, ఎక్కించాను. ఈ సంగతి విని, సాఫ్ట్‌వేర్ భద్రత రంగంలో పనిచేసే మా బావమరిది "తాళం ఊడదీసిన ఇంటికి కొత్త సున్నం కొట్టారు బావా" అన్నాడు. ఆ మాట నాకు మింగుడుపడలేదు కనుకనే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

పద్ధతి తెలియనివారి కోసం చెబుతాను. మొదట బూట్‌లోడర్ (ఫోను లేవగానే ముందుగా నడిచే ప్రోగ్రాము) తాళం తీయాలి. అలా తీసిన క్షణాన ఫోనులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి ఫోటోలూ నంబర్లూ ముందే వేరేచోటికి చేర్చుకోవాలి. నా ఫోను విషయంలో అర్జీ పెట్టుకున్నాక 168 గంటలు, అంటే సరిగ్గా వారం, ఆగమన్నారు. తరువాత పవర్ మీటనూ వాల్యూమ్ తగ్గించే మీటనూ కలిపి నొక్కి ఫాస్ట్‌బూట్‌లోకి (కంప్యూటరు ఆజ్ఞలు అందుకునే స్థితిలోకి) వెళ్లి, రికవరీని (కొత్త వ్యవస్థను ఎక్కించే చిన్న ప్రోగ్రామును) మార్చి, కంప్యూటరు నుంచి ఏడీబీ సైడ్‌లోడ్ అనే ఆజ్ఞతో కొత్త వ్యవస్థ ఉన్న జిప్ ఫైలు పంపాలి. కంప్యూటరు తెర మీద లెక్క 47 శాతం దగ్గర ఆగిపోయేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. తీరా ఫోను వైపు చూస్తే పని ఎప్పుడో పూర్తయింది. కొన్నిసార్లు 47 దగ్గర ఆగడం మామూలేనని లీనియేజ్ వారి సూచనల్లోనే రాసి ఉంది; ముందే చదివి ఉంటే అంత చెమట పట్టేది కాదు.

నా వాదన ఇది: పనిచేస్తున్న వస్తువును సాఫ్ట్‌వేర్ పాతబడిందన్న ఒక్క కారణంతో పారేయడం కన్నా, కాస్త శ్రమపడి ఇలా బతికించుకోవడమే వివేకం. కాదనేవారు కారణాలు చెప్పండి.

రాత్రి షిఫ్టు:

తుంగభద్ర గారూ, మీ బావమరిది గారి మాట కటువుగా ఉన్నా అందులో పస ఉంది. సెట్టింగుల్లో కనిపించే ప్యాచ్ తేదీని చూసి మురిసిపోయే ముందు లీనియేజ్‌లోనే ‘ట్రస్ట్’ అనే పేజీ తెరవండి. అక్కడ ఒక తేదీ ప్లాట్‌ఫారమ్‌ది, మరొకటి వెండర్‌ది అని వేర్వేరుగా ఉంటాయి. మొదటిది స్వచ్ఛంద కార్యకర్తలు నెలనెలా సరిచేయగలిగిన భాగానికి చెందినది. రెండోది మోడెమ్, వైఫై, గ్రాఫిక్స్ వంటివాటి కోసం చిప్ తయారీదారూ ఫోను కంపెనీ మూతపెట్టి ఇచ్చిన భాగానిది. దాని మూల కోడ్ బయటివాళ్లకు దొరకదు కనుక, కంపెనీ చివరిసారి ప్యాచ్ ఇచ్చిన నెల దగ్గరే అది గడ్డకట్టుకుపోయి ఉంటుంది.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2017లో బయటపడిన ‘బ్రాడ్‌పోన్’ లోపం ఆండ్రాయిడ్‌లో కాకుండా బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లో నడిచే ఫర్మ్‌వేర్‌లో (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్‌లో) ఉంది. ఫోను యజమాని ఏ లింకూ నొక్కనక్కరలేదు; వైఫై ఆన్‌లో ఉండి, దాడి చేసేవాడు సమీపంలో ఉంటే చాలు. అటువంటి లోపం మీ చిప్‌లో రేపు బయటపడితే, దాన్ని సరిచేసిన ఫర్మ్‌వేర్ మీ ఫోనుకు ఎవరు ఇస్తారు?

ఇక బూట్‌లోడర్ సంగతి. తాళం తీసి ఉన్నంతకాలం, ఫోను లేచేటప్పుడు ‘ఈ వ్యవస్థను ఎవరూ మార్చలేదు’ అని తనను తాను తనిఖీ చేసుకునే ఏర్పాటు లేనట్టే. మీ ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి కాబట్టి దొంగ వాటిని నేరుగా చదవలేకపోవచ్చు, కానీ ఫోను కాసేపు చేతికి చిక్కితే వ్యవస్థ భాగాన్ని మార్చి, మీరు తరువాత కొట్టే పిన్‌ను పట్టుకునే అవకాశం ఉంటుంది. పిక్సెల్ వంటి కొద్ది ఫోన్లలో తప్ప, సొంత కీతో మళ్లీ తాళం వేసే వీలు లేదు. మిగతావాటిలో కస్టమ్ రోమ్ (లీనియేజ్ లాగా కంపెనీది కాని వ్యవస్థ) ఉండగా తాళం వేయబోతే ఫోను లేవకుండా పోవచ్చు.

పాత సామాన్లు:

రాత్రి షిఫ్టు గారు చెప్పినవన్నీ నిజాలే, అయితే ఆయన పోలిక పెట్టిన తీరులోనే పొరపాటు ఉంది. తుంగభద్ర గారి ఫోనును కొత్త ఫోనుతో పోల్చి లాభం లేదు. ఏమీ చేయకుండా 7.0 మీదే వదిలేసిన అదే ఫోనుతో పోల్చాలి. వెండర్ తేదీ ఆ రెండింటిలోనూ ఒకటే. ప్లాట్‌ఫారమ్ తేదీ మాత్రం ఒకదానిలో మారింది, రెండోదానిలో మారలేదు. 2015లో కలకలం రేపిన ‘స్టేజ్‌ఫ్రైట్’ లోపం ఆండ్రాయిడ్‌లో వీడియోలను విప్పే భాగానిది, అంటే కస్టమ్ రోమ్‌తో మూసివేయగలిగిన రంధ్రం. గూగుల్ నెలనెలా ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది కూడా దాని తరువాతనే, అదే ఏడాది ఆగస్టులో.

ఆయన లెక్కలోకి రాని మరో సంగతి ఉంది. ఫోనులో వెబ్‌సైట్లను నమ్మడానికి మూల ధ్రువపత్రాల జాబితా ఒకటి ఉంటుంది, పాత ఆండ్రాయిడ్‌లో అది వ్యవస్థతోపాటే పాతబడిపోతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ అసంఖ్యాకమైన సైట్లకు ఉచితంగా ధ్రువపత్రాలు ఇస్తుంది. దాని సొంత మూల ధ్రువపత్రం 7.1.1 నుంచి మాత్రమే ఆండ్రాయిడ్‌లో ఉంది. అంతకు ముందు ఫోన్లు నమ్ముతూ వచ్చిన వేరే సంస్థ మూల ధ్రువపత్రానికి 2021 సెప్టెంబరు 30న గడువు తీరింది. మూల ధ్రువపత్రం గడువును ఆండ్రాయిడ్ పట్టించుకోదు కనుక, ఆ కిటుకు ఆధారంగా ఆ వేరే సంస్థ నుంచే మరో మూడేళ్ల సంతకం సంపాదించి 2024 సెప్టెంబరు దాకా నెట్టుకొచ్చారు. ఆ తరువాత 7.0 మీద ఉన్న ఫోనులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ ధ్రువపత్రం ఉన్న సైటు తెరిస్తే, కనెక్షన్ సురక్షితం కాదన్న హెచ్చరికే ఎదురవుతుంది. సొంత జాబితా మోసుకొచ్చే ఫైర్‌ఫాక్స్ వాడి తప్పించుకోవచ్చు గాని, అది బ్రౌజరు వరకే. ఇతర యాప్‌లకు ఆ సౌకర్యం లేదు. రోమ్ మార్చిన రోజునే తుంగభద్ర గారికి ఈ బెడద తీరిపోయింది, బహుశా ఆయనకే తెలియకుండా.

చిన్న పిడకల వేట. ఫోనును మనమే సరిచేసుకోవడం తెలుగువారికి కొత్తేమీ కాదు. ఆండ్రాయిడ్‌కు తెలుగు అక్షరాలు 2012లో 4.1తో వచ్చాయి. అంతకు ముందు ఏ తెలుగు పేజీ తెరిచినా వరుసగా డబ్బాలే. ఒపేరా మినీ అనే బ్రౌజరు చిరునామా పెట్టెలో ఒపేరా, కన్ఫిగ్ అనే రెండు మాటలు కొట్టి, సంక్లిష్ట లిపులకు బొమ్మ అక్షరాలు వాడమనే వరుసను ‘యస్’గా మారిస్తే, సర్వరు తెలుగును బొమ్మగా గీసి పంపేది. ఒత్తులు కాస్త మసకగా కనిపించినా ఆ బొమ్మల మీదే మేము బ్లాగులు చదివాం.

చిల్లర లెక్క:

మీరిద్దరూ అసలు చోటును వదిలేసి మాట్లాడుతున్నారు. ఈ రోజు మన ఊళ్లలో ఫోను అంటే డబ్బు సంచి. నాకు జరిగింది చెబుతాను. కస్టమ్ రోమ్ ఉన్న ఫోనుతో నెలల తరబడి కిరాణా కొట్లో యూపీఐ చెల్లింపులు చేశాను. ఒకరోజు నా బ్యాంకు యాప్ అప్‌డేట్ అయింది. సాయంత్రం కొట్లో బియ్యం బస్తా భుజానికెత్తుకున్నాక యాప్ తెరిస్తే ‘ఈ పరికరం సురక్షితం కాదు’ అన్న ఒక్క వాక్యం చూపించి మూసుకుపోయింది. జేబులో పైసా లేదు. బస్తా దించి ఇంటికి నడిచాను.

దీని వెనుక ఉన్నది ప్లే ఇంటిగ్రిటీ అనే తనిఖీ. పూర్వపు సేఫ్టీనెట్ స్థానంలో గూగుల్ దీన్ని తెచ్చింది. యాప్ అడిగితే, ఫోను ధ్రువీకరణ పొందిన వ్యవస్థతోనే నడుస్తోందా, బూట్‌లోడర్ తాళం వేసి ఉందా అన్నది తేల్చి చెబుతుంది. కట్టుదిట్టమైన స్థాయిలో ఆ సాక్ష్యం నేరుగా హార్డ్‌వేర్ నుంచే వస్తుంది. రూట్ చేసి (వ్యవస్థ మీద పూర్తి అధికారం తీసుకుని) ఏవో మాడ్యూళ్లు పెట్టి దాని కళ్లు కప్పవచ్చని చెప్పేవారున్నారు. నేనూ కప్పాను. మూడు వారాలు పనిచేసి మళ్లీ ఆగింది. డబ్బు లావాదేవీలకు వాడే ఫోనులో, ఎవరు రాశారో తెలియని మాడ్యూలుకు రూట్ అధికారం కట్టబెట్టడం కన్నా అవివేకం మరొకటి లేదని అప్పుడు తెలిసింది.

తుంగభద్ర:

చిల్లర లెక్క గారి అనుభవం చదివాక నేను దాచిపెట్టిన విషయం ఒకటి ఒప్పుకోవాలి. రోమ్ మార్చాక మూడు రోజులపాటు నా ఫోనుకు ఒక్క కాల్ కూడా రాలేదు. ఇంటర్నెట్ దివ్యంగా నడుస్తోంది, వాట్సాప్ సందేశాలు వస్తున్నాయి, కాబట్టి ఎవరూ చేయడం లేదని అనుకున్నాను. నా సిమ్ 4జీ మాత్రమే ఉన్న నెట్‌వర్క్‌ది. వెనక్కి తగ్గడానికి దానికి 2జీ, 3జీ లేవు కనుక వోల్టీ (VoLTE, 4జీ మీదే కాల్స్ నడిపే ఏర్పాటు) పనిచేయకపోతే మాట్లాడే దారే లేదు. డయలర్‌లో *#*#4636#*#* కొట్టి చూస్తే ఆ కాల్స్‌కు ఆధారమైన ఐఎంఎస్ సేవలో ఫోను నమోదు కాలేదని తేలింది. పాత కంపెనీ ఫర్మ్‌వేర్‌లోని మోడెమ్ భాగాన్ని కొత్త వెర్షనుకు మార్చి, ఫోనును మళ్లీ తుడిచి, రోమ్‌ను మొదటి నుంచి ఎక్కిస్తే గాని గంట మోగలేదు. ఆ మూడు రోజుల్లో ఇంట్లో ఎవరికైనా ఆరోగ్యం బాగాలేకపోయి, నేను 112కు చేయాల్సి వచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంది.

అయినా నా ప్రశ్న అలాగే ఉంది. తప్పు ఇలా శ్రమపడే మనదా, ఏడాదిన్నరకే వదిలేసేవారిదా?

పాత సామాన్లు:

వదిలేయక తప్పదన్న వాదనకు జవాబు ఫెయిర్‌ఫోన్ 2. నెదర్లాండ్స్‌కు చెందిన ఆ చిన్న కంపెనీ 2015 చివర ఆండ్రాయిడ్ 5.1తో ఆ ఫోనును అమ్మింది. అందులోని స్నాప్‌డ్రాగన్ 801 చిప్‌కు దాని తయారీదారు క్వాల్‌కామ్ మద్దతు ఆండ్రాయిడ్ 6 దగ్గరే ఆగినా, లీనియేజ్ వంటి సమాజాల పనిని ఆధారం చేసుకుని ఆండ్రాయిడ్ 10 దాకా తీసుకెళ్లి, 2023 మార్చిలో గాని మద్దతు ఆపలేదు. అదే చిప్ ఉన్న గెలాక్సీ ఎస్5 2014లో 4.4తో వచ్చి 6.0.1 దగ్గర ఆగింది. దానికి లీనియేజ్ 18.1 ద్వారా ఆండ్రాయిడ్ 11 అందింది. సైనోజెన్‌మోడ్ అనే పాత కస్టమ్ రోమ్ మూతపడ్డాక 2016 డిసెంబరులో దాని శిథిలాల నుంచి లేచిన సమాజం చేసిన పని ఇది.

యూరప్ సమాఖ్య 2025 జూన్ 20 నుంచి అమలుచేస్తున్న నియమం ప్రకారం, ఒక మోడల్ అమ్మకం ఆపిన తరువాత కూడా కనీసం 5 ఏళ్లు అప్‌డేట్లు అందుబాటులో ఉండాలి. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 నుంచి ఏడేళ్ల హామీలు వచ్చాయి, నిజమే. కానీ చవక ఫోన్ల పెట్టె మీద ఈ ఏళ్ల లెక్క ఎక్కడ రాసి ఉంటుంది? మన దగ్గర అమ్ముడయ్యేవి ఎక్కువగా అవే కదా.

రాత్రి షిఫ్టు:

ఎస్5 మీద ఆండ్రాయిడ్ 11 నడవడం అద్భుతమే. దాని అడుగున ఉన్న లినక్స్ కెర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపించే మూల భాగం) మాత్రం 3.4, ఆ శాఖ నిర్వహణ 2016లోనే ముగిసింది. స్వచ్ఛంద కార్యకర్తలు తమకు తెలిసిన ప్యాచ్‌లు వెనక్కి తెచ్చి అతికిస్తారు. అతికించనివి ఎన్నో వాళ్లకైనా తెలుస్తుందా? ఇందులో వాళ్ల తప్పేమీ లేదు, నేను వాళ్లను తక్కువ చేయడమూ లేదు. పైన తళతళలాడే వెర్షన్ సంఖ్యను చూసి వాడేవారు భద్రత కూడా అంతే కొత్తదనుకోవడమే నా అభ్యంతరం.

పోలిక విషయంలో మాత్రం పాత సామాన్లు గారిదే సరి. వదిలేసిన 7.0 కన్నా లీనియేజ్ మేలు. కాకపోతే ‘దానికన్నా మేలు’ అన్నది బ్యాంకు ఖాతా పెట్టడానికి సరిపోయే అర్హత కాదు.

మరమ్మతు బల్ల:

ఫోన్లు బాగుచేసే వృత్తిలో ఉన్నవాణ్ణి. మా బల్ల మీదికి వచ్చేవాటిలో రోమ్ ఎక్కించబోయి చెడగొట్టుకున్నవి ఉంటాయి, వాటిలో రెండు రకాలు నన్ను బాధపెడతాయి. ఒకటి ఐఎంఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య) పోగొట్టుకున్నవి: మోడెమ్‌కు చెందిన ఈఎఫ్ఎస్ భాగాన్ని ముందే కాపీ చేసుకోకుండా అన్నిటినీ తుడిచేస్తారు, ఆ తరువాత సిమ్ పెట్టినా నెట్‌వర్క్ రాదు. రెండోది, వెనకటి వెర్షనే బాగుందని పాత ఫర్మ్‌వేర్ ఎక్కించబోయినవి. 2018లో రెడ్‌మీ నోట్ 5 ప్రో వాడేవారిలో కొందరికి జరిగింది అదే. వెనక్కి వెళ్లకుండా అడ్డుకునే యాంటీ రోల్‌బ్యాక్ ఏర్పాటు ఉందని తెలియక దించబోతే ఫోను ఇటుకలా పడిపోయింది. శాంసంగ్ ఫోన్లలో ఇంకో తిరకాసు: అనధికార ఫర్మ్‌వేర్ ఎక్కించగానే నాక్స్ అనే భద్రతా ఏర్పాటు ఫ్యూజు కాలిపోతుంది, తిరిగి అసలు ఫర్మ్‌వేర్ ఎక్కించినా ఆ ఫ్యూజు మళ్లీ రాదు.

ఇంకో మాట. ఉబ్బిన బ్యాటరీ ఉన్న ఫోనుకు ఎవరూ ఇవన్నీ చేయకండి. వెనక మూత కాస్త పైకి లేచి, బల్ల మీద పెట్టి తిప్పితే బొంగరంలా తిరుగుతున్నదంటే ముందు బ్యాటరీ తీయించాలి.

తుంగభద్ర:

ఇవన్నీ చదివి నిన్న రాత్రి ట్రస్ట్ పేజీ తెరిచాను. ప్లాట్‌ఫారమ్ తేదీ పోయిన నెలది. వెండర్ తేదీ 2019 జనవరి. రాత్రి షిఫ్టు గారు చెప్పినట్టే, ఒకే తెర మీద ఆ రెండూ ఒకదాని కింద ఒకటి.

పారేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. సిమ్ తీసి, యూపీఐ యాప్‌లతో సహా, ఇంకా కంపెనీ అప్‌డేట్లు వస్తున్న మా ఆవిడ పాత ఫోనులోకి మార్చాను. ఈ ఫోను ఇకమీదట ఇంటి వైఫై మీద, గూగుల్ ఖాతా కూడా లేకుండా, మా అమ్మ ప్రవచనాలు వినడానికీ పిల్లల పద్యాల రికార్డింగుకూ ఉంటుంది. నెలకోసారి రోమ్ అప్‌డేట్ నేనే చేస్తాను. బావమరిదికి చెబితే "అయితే సరే" అన్నాడు, అంతకన్నా ఎక్కువ మెచ్చుకోలు వాడి దగ్గర నుంచి ఆశించకూడదు.

రాత్రి షిఫ్టు:

సంతోషం. అమ్మగారు బ్లూటూత్ స్పీకరు వాడకపోతే బ్లూటూత్ కూడా ఆపి ఉంచండి.

తుంగభద్ర:

వాడతారండీ. ప్రవచనం వంటింట్లోకి వినిపించాలి కదా. వైరు పెట్టే స్పీకరు తెస్తాను. ఈ పాత ఫోనుకు ఇంకా 3.5 ఎంఎం రంధ్రం ఉంది.