ఊళ్లె గుండెపోటు కార్డులు పెట్టుకుందామా, వద్దా?

డిండి దిక్కు:
మా ఊరి యువజన సంఘపోళ్లు చందాలేసి ట్రోపోనిన్ కార్డులు ఒక డబ్బా కొని ఆర్ఎంపీ దగ్గర పెడదామంటున్నరు. రెండు మూడు చుక్కల రక్తం ఏస్తే 15 నిమిషాలల్ల గుండెపోటో కాదో తేలుతదట. నేను వద్దంటున్న.

పోయిన ఎండకాలం మా చిన్నాయన రాత్రి ఏడున్నరకు కంచం ముంగట కూసున్నోడు ఎద బరువైతుందని లేచిండు. ఎనిమిదింటికి ఒక క్లినిక్‌ల ఈ కార్డే పెట్టిన్రు. ఒక్కటే గీత వచ్చింది. "గుండె కాదు, గ్యాసు" అని సూదేసి పంపిన్రు. సోడా తాగి పండుకున్నడు. రాత్రి రెండింటికి బనీను పిండితే నీళ్లు కారేటట్టు చెమటలు. నల్లగొండ చేరేసరికి తెల్లారింది. ఈసీజీ చూసిన డాక్టరు మొదలు అడిగింది ఒక్కటే, నొప్పి ఎప్పుడు షురువైందని. ముందటి రాత్రి ఆ మాట ఎవ్వరు అడగలే. మనిషి దక్కిండు గని గుండె పంపింగు 35 శాతానికి పడ్డది. గడ్డిమోపు ఎత్తలేడు.

ల్యాబ్ తమ్ముడు, మిర్యాలగూడ:
అన్నా, తప్పు కార్డుది కాదు, గడియారం చూడనోళ్లది. ట్రోపోనిన్ గుండె కండలో ఉండే ప్రోటీన్. నెత్తురు అందక కండ చచ్చిపోతుంటే బయటికి కారుతది. అది కార్డుకు అందేంత పోగయ్యేసరికి మూడు నాలుగు గంటలు, ఒక్కోసారి ఆరు కూడా పడుతది. మీరు అరగంటకే పెట్టించిన్రు, గీత ఎట్ల వస్తది? ఒకసారి పెరిగితే మాత్రం వారం పది రోజులు దిగదు. ఇంతకుముందు చేసే సీకే-ఎంబీ అనే రక్తపరీక్షల అంకె రెండు మూడు రోజులకే దిగిపోయేది, పైగా ఒంట్ల కండలు దెబ్బతిన్నా పెరిగేది. కార్డులు పెట్టుకోండి. "నెగెటివ్ వచ్చింది, ఇంటికి పో" అనే మాట మాత్రం ఎవ్వరు అనొద్దు.

డిండి దిక్కు:
అనకపోతే ఏంది తమ్మీ, ఒక్క గీత కనబడ్డంక మనోళ్లు ఇంకేమన్న ఇంటరా? దవాఖానకు పోకుండ ఉండనీకె సాకు దొరికినట్టే.

పాలమూరు ఆడబిడ్డ:
నేను రక్తపరీక్ష దిక్కే. మా అమ్మకు ఎన్నో ఏండ్ల సంది షుగరు. నొప్పే రాలే. పత్తి ఏరుకుంట ఏరుకుంట మొకమంత చెమట పట్టి సాల్లనే కూలబడ్డది. మహబూబ్‌నగర్ల ఈసీజీ తీస్తే బాగనే ఉన్నది. ఇంటికి పోదమని చెప్పులు తొడుక్కుంటున్నం, డ్యూటీ డాక్టరు ఆపి రక్తం తీయించిండు. మూడు గంటలకు మళ్ల తీయించిండు. రెండో అంకె మొదటిదానికి నాలుగింతలు! ఈసీజీల దొరకని గుండెపోటు అది. రక్తం తీయకపోతే ఆ రాత్రి ఏమైతుండెనో.

నైట్ డ్యూటీ నర్సు:
అక్కా, మీ అమ్మగారికి చేసింది కార్డు కాదు, మెషీన్ పరీక్ష. కడవ నిండిందా లేదా అన్నదే కార్డు చెప్తుంది. ఎంత నిండింది, గంటకెంత పెరుగుతోంది అన్నది మెషీన్ చెప్తుంది. చాలా కొంచెం ట్రోపోనిన్‌ను కూడా పట్టేసే హై సెన్సిటివిటీ పరీక్ష ఉన్నచోట గంట, రెండు గంటల తేడాతో రెండుసార్లు చూసి చాలామంది సంగతి తేల్చేస్తున్నారు. ఆ మెషీన్ ఊళ్లోకి రాదు కదా.

అసలు రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటుకు ట్రోపోనిన్ కోసం ఆగనే ఆగరు. మనిషి వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తియ్యాలి, అందులో తేలితే గడ్డ కరిగించే ఇంజెక్షనో, స్టెంటో. ఇంజెక్షన్‌కు గడువు 12 గంటలు, కానీ మొదటి రెండు మూడు గంటల్లో పడితే వచ్చే ఫలితం వేరు. డిండి అన్నగారి చిన్నాయన పోగొట్టుకున్నది ఆ గంటలే. కార్డు ముందు కూర్చునే 15 నిమిషాలు 108కి ఫోన్ చేసి బండెక్కించడానికి వాడండి.

సూర్యాపేట బావమరిది:
రెండో గీత వచ్చినా గుండెపోటే అని రాసియ్యలేం. మా బావ డయాలసిస్ మీద ఉన్నడు. ఆయన ట్రోపోనిన్ ఎప్పుడూ హద్దుకు పైనే. ఒకసారి రిపోర్టు చూసి అప్పు చేసుకొని హైదరాబాద్ ఉరికినం. ఆరు గంటల తర్వాత తీసినా అదే అంకె. పెరగలే, తగ్గలే. కిడ్నీలు పాడైనోళ్లకు అట్లనే ఉంటదట. మారుతుందా లేదా చూడాల్నట.

ల్యాబ్ తమ్ముడు, మిర్యాలగూడ:
నర్సమ్మ మాట ఒప్పుకుంటున్న. ఇంకొకటి నేనే చెప్త. ఆ డబ్బాల మీద 30 డిగ్రీలు దాటొద్దని రాసి ఉంటది. మే నెలల మన నల్లగొండల రేకుల షెడ్డు కింద డబ్బా పెడితే ఏమైతదో మీరే ఆలోచించండి.

డిండి దిక్కు:
సంఘంల చెప్పిన. ఆ పైసలతోని చిన్న ఈసీజీ మెషీన్ కొని, కాయితం ఫొటో తీసి డాక్టరుకు పంపుదమన్న. "తీగలు అంటించేదెవరు, నువ్వా?" అంటున్నరు. ఆయితారం మళ్ల కూసుంటున్నం. చిన్నాయన గూడ వస్తడట. ఆ రాత్రి కార్డు బీడీకట్టతోని కలిపి ఇంక జేబులనే పెట్టుకున్నడు. ఇప్పుడు చూస్తే సన్నగ రెండో గీత కనబడుతున్నది.

ల్యాబ్ తమ్ముడు, మిర్యాలగూడ:
ఆరిపోయిన కార్డు చదవొద్దన్నా. టైము దాటినంక ఉత్తగనే గూడ గీత పడుతది.