అరకు ఎక్కాక ఏటీవీకి నల్లపొగ: జెట్ మార్చాలా, పెట్రోల్ మార్చాలా?

అడిగినవారు:
అన్నలూ, కాస్త సాయం చెయ్యండి. అరకు దగ్గర మాకు చిన్న హోమ్‌స్టే ఉంది. వచ్చినవాళ్ళు కాఫీ తోటల వైపు తిరగడానికని విశాఖలో ఒక పాత 125 సీసీ ఏటీవీ (మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి) కొన్నాం. ఫోర్ స్ట్రోక్, మామూలు స్లైడ్ కార్బురేటర్. కింద బాగానే నడిచింది. పైకి తెచ్చిన రెండు నెలలకు నల్లపొగ మొదలైంది. ఐడిల్‌లో ఆగిపోతోంది, ప్లగ్గు మసిబారుతోంది. మెకానిక్‌కి చూపిస్తే కొండ మీద గాలి పల్చన అని చెప్పి 95 మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే సన్న రంధ్రం ఉన్న మర) తీసి 85 వేశాడు. ఇప్పుడు ఫుల్ థ్రాటిల్‌లో ఎత్తు ఎక్కుతుంటే కొట్టుకుంటోంది, ఇంజను బాగా వేడెక్కుతోంది. నెమ్మదిగా పోతే మాత్రం పొగ అలాగే ఉంది. 100 ఆక్టేన్ పెట్రోల్ పోయించమని ఒకరు, టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బళ్ళలో పెట్రోల్‌తో కలిపేది) కలపమని ఇంకొకరు అంటున్నారు. వారాంతానికి బుకింగులు ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తమ్ముడూ, ముందు ఆ 85 జెట్‌తో ఫుల్ థ్రాటిల్ మీద ఎత్తు ఎక్కించడం ఆపెయ్యి. పెట్రోల్ చాలక లీన్ అయిన ఇంజను వేడెక్కి పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది.

జెట్ మీది అంకె రంధ్రం వ్యాసాన్ని చెప్పే రకమైతే, 95 నుంచి 85కి దిగడమంటే రంధ్రం వైశాల్యం 20 శాతం తగ్గినట్టు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టం కంటే 8 శాతం దాకా తక్కువ. కానీ మిశ్రమం అంత రిచ్ అవ్వదు, అంటే అందులో పెట్రోల్ పాలు అంత పెరగదు. గాలి పల్చనైనప్పుడు జెట్ నుంచి పెట్రోల్‌ను లాగే బలం కూడా తగ్గుతుంది కాబట్టి, తేడా దాదాపు సగమే, అంటే 4 శాతం. దానికి 20 శాతం కోత పెట్టారు.

ఇంకో సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అంతే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి. ఒక కిలో ఈ10 (10 శాతం ఇథనాల్ ఉన్నది) కాలడానికి సుమారు 14.1 కిలోల గాలి పడితే, ఈ20కి 13.5 చాలు. అంటే పాత ఈ10 మీద కుదిరిన జెట్ ఈ20తో 4 శాతం లీన్ అవుతుంది. కొండ రిచ్ చేస్తుంది, ఈ20 లీన్ చేస్తుంది. నీ విషయంలో రెండూ దాదాపు చెల్లుకు చెల్లు. పైగా అరకులో చలికాలం ఉదయాలు ఎంత చల్లగా ఉంటాయో నీకు తెలుసు. 30 డిగ్రీల గాలి కంటే 10 డిగ్రీల గాలి 7 శాతం చిక్కన, అదీ లీన్ వైపే లాగుతుంది. కాబట్టి నల్లపొగకు కారణం కొండ కాదు, ఇంకేదో ఉంది. 95 తిరిగి పెట్టెయ్యి.

నెమ్మదిగా పోతున్నప్పుడు వచ్చే పొగతో మెయిన్ జెట్‌కి సంబంధం చాలా తక్కువ. ఐడిల్ నుంచి పావు థ్రాటిల్ దాకా పైలట్ జెట్, స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా స్లైడ్‌తో పాటు పైకీ కిందికీ కదిలే నీడిల్. ఆ పైన మెయిన్ జెట్. అందుకే బొటనవేలి థ్రాటిల్ లివర్ దగ్గర టేపు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకో. ఏ గీత దగ్గర ఇబ్బందో తెలిస్తే దేన్ని ముట్టుకోవాలో తెలుస్తుంది.

ఈ రోజు చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్ ఫోమ్, చోక్. చోక్ లివర్ పూర్తిగా వెనక్కి వస్తోందా? లోపల పలక కూడా పూర్తిగా తెరుచుకుంటోందా? లివర్ వచ్చినా పలక సగంలో ఆగిపోయిన బళ్ళు చాలా చూశాను. ఆ తర్వాత కార్బురేటర్‌లోకి వచ్చే పెట్రోల్‌ను మట్టం నిండగానే ఆపే ఫ్లోట్ నీడిల్ అరిగి పెట్రోల్ పొంగుతోందేమో చూడు. ఇంజను చల్లారాక, ట్యాప్ కట్టేసి, పొయ్యికి దూరంగా ఆరుబయట విప్పు. జెట్‌లో సూది, ఇనుప తీగ పెట్టి పొడవొద్దు. కార్బ్ క్లీనర్, గాలి చాలు.

మరొకరు:
అన్న చెప్పింది నిజం. పెట్రోల్ గురించి ఒక మాట. 100 ఆక్టేన్ వల్ల ఆ ఇంజనుకి లాభం లేదు. ఎక్కువ కంప్రెషన్‌లో పెట్రోల్ ముందే పేలకుండా ఆపడమే ఆక్టేన్ పని. మన చిన్న 125 ఇంజనుకి మామూలు పెట్రోల్ ఆక్టేనే సరిపోతుంది. టూటీ ఆయిల్ అసలు వద్దు. ఫోర్ స్ట్రోక్‌కి అడుగున ఆయిల్ వేరే ఉంది. కలిపితే ప్లగ్గు ఇంకా మసిబారుతుంది.

అడిగినవారు:
అన్నా, చాలా థాంక్స్. ఫోమ్ విప్పితే ఎర్రమట్టి ముద్దలా ఉంది. మా దారులన్నీ ఎర్రమట్టే. చోక్ కేబుల్ కూడా పట్టేసింది, పలక పూర్తిగా తెరుచుకోవడం లేదు. రెండూ సరిచేసి 95 జెట్ పెట్టాను. పొగ పోయింది, ఐడిల్ నిలబడింది. ఎత్తు మీద కొట్టుకోవడం లేదు. కానీ పావు దాటేటప్పుడు ఒక్క క్షణం ఆగినట్టు అయి, తర్వాత లాగుతోంది. విశాఖలో ఉన్నంత లాగుడు కూడా లేదు.

జవాబు:
మంచిది. లాగుడు తగ్గడం సహజమే తమ్ముడూ. గాలి 8 శాతం తగ్గితే శక్తి కూడా అంతే తగ్గుతుంది, ఏ జెట్టూ దాన్ని తిరిగి తేలేదు.

పావు దగ్గర తడబాటుకి ముందు స్క్రూ చూడు. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, బయటికి తిప్పితే లీన్. ఇంజను వైపు ఉంటే పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే రిచ్. ఇది గమనించకుండా తిప్పి చాలామంది ఇబ్బంది పడతారు. ఇంజను వేడెక్కాక పావు చుట్టు చొప్పున రిచ్ వైపు తిప్పి చూడు. తగ్గకపోతే నీడిల్ క్లిప్పు ఒక్క గాడి కిందికి దించు, నీడిల్ పైకి లేచి కాస్త రిచ్ అవుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చి, కాగితం మీద రాసుకో.

చివరగా కొత్త ప్లగ్గు వేసి, ఖాళీ ఎత్తు దారిలో ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు నడిపి, ఐడిల్‌కి రానివ్వకుండా స్విచ్ ఆపి ప్లగ్గు చూడు. లేత గోధుమరంగు ఉండాలి. ఈ20తో రంగు మామూలు కంటే కాస్త లేతగానే ఉంటుంది, దాన్ని చూసి జెట్ పెంచేయకు. సుద్దలా తెల్లగా ఉంటే మాత్రం ఇంటేక్ రబ్బరుకు పగుళ్ళు ఉన్నాయేమో చూడు, అక్కడినుంచి అదనపు గాలి లాగుతుండొచ్చు.

అడిగినవారు:
క్లిప్పు ఒక గాడి దించాను, తడబాటు పోయింది. వానాకాలం రెండు మూడు నెలలు బండి కదలదు. పెట్రోల్ అలాగే ఉంచొచ్చా?

జవాబు:
ఉంచకు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీళ్ళు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగుకి దిగి, అదే ముందు కార్బురేటర్‌లోకి వస్తుంది. ట్యాంకు ఖాళీ చేసి, ట్యాప్ కట్టేసి ఇంజను దానంతట అది ఆగేదాకా నడుపు. తర్వాత ఫ్లోట్ బౌల్ కింది స్క్రూ విప్పి మిగిలింది కార్చెయ్యి. పాత పెట్రోల్ గొట్టం మెత్తబడినా, గట్టిపడి చీలినా ఈ20కి తగిన గొట్టం వేయించు. ఫోమ్ మాత్రం మీ దారులకు వారానికోసారి కడిగి, ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించాల్సిందే.