రిక్వైర్‌మెంట్ బాగుందో లేదో కోడింగ్‌కి ముందే తేల్చడం ఎలా?

కొత్త_బీఏ:
రిక్వైర్‌మెంట్ల డాక్యుమెంట్ (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో రాసుకునేది) నలభై పేజీలున్నా టెస్టింగ్ దగ్గరకొచ్చేసరికి "మేం అడిగింది ఇది కాదు", "మీరు రాసిందే చేశాం" అనే పంచాయితీ తప్పట్లేదు. ఉదాహరణకి ఈ వాక్యం: "సెర్చ్ వేగంగా పనిచేయాలి, ఫలితాలను సులభంగా డౌన్‌లోడ్ చేసుకునే వీలుండాలి." రివ్యూలో అందరూ సరే అన్నారు. ఇందులో లోపం ఎక్కడుంది?

పర్ఫార్మెన్స్_పిచ్చి:
ముందుగా, అవి రెండు రిక్వైర్‌మెంట్లు. సెర్చ్ పాసై డౌన్‌లోడ్ ఫెయిలైతే స్టేటస్ ఏమని పెడతారు? విడగొట్టి వేర్వేరు నంబర్లు ఇవ్వండి.

ఇక "వేగంగా". ఇలా రాసి చూడండి: "20 లక్షల రికార్డులుండి, ఒకేసారి 200 మంది వాడుతున్నప్పుడు, 95 శాతం సెర్చ్‌లకు ఫలితాలు 2 సెకన్లలోపు స్క్రీన్ మీద కనిపించాలి." డేటా ఎంత, లోడ్ ఎంత, ఎక్కడ కొలవాలి అన్నవి మూడూ ఉండాలి. సర్వర్ దగ్గర కొలిస్తే ఒక లెక్క, బ్రౌజర్‌లో కొలిస్తే ఇంకో లెక్క.

"సగటున 2 సెకన్లు" అని మాత్రం రాయకండి. 100 సెర్చ్‌లలో 90 అర సెకనులో, 10 మాత్రం 10 సెకన్లలో వస్తే సగటు 1.45. టెస్ట్ పాస్. కానీ పదింట ఒకసారి యూజర్ 10 సెకన్లు కూర్చోవాలి.

బగ్_వేట:
అంకెలు వేసినంత మాత్రాన సరిపోదు. "5 సార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే అకౌంట్ లాక్ అవ్వాలి." అంకె ఉంది కదా? టెస్ట్ కేసులు రాయబోతే అప్పుడు తెలుస్తుంది: వరుసగా ఐదా, మొత్తం మీద ఐదా? లాక్ పడేది ఐదో తప్పుకా, ఆరో ప్రయత్నానికా? ఎంతసేపు? అప్పటికే వేరే ఫోన్‌లో లాగిన్ అయి ఉంటే దాన్ని బయటకి తోసేయాలా?

రివ్యూలో టెస్టర్‌ని కూర్చోబెట్టి, ఒక్కో రిక్వైర్‌మెంట్‌కి ఒక పాస్ కేసు, ఒక ఫెయిల్ కేసు అక్కడే రాయించండి. రాయలేకపోతే ఆ వాక్యం ఇంకా ఉడకలేదన్నమాట. రోల్స్‌రాయిస్ ఇంజినీర్లు 2009లో బయటపెట్టిన ఈయర్స్ (EARS) అనే రిక్వైర్‌మెంట్లు రాసే పద్ధతిలో "ఫలానా తేడా జరిగితే, సిస్టమ్ ఇలా చేయాలి" అన్నదానికి విడిగా ఒక వాక్య నమూనానే ఉంది. ఎక్కువగా మర్చిపోయేది ఆ భాగమే.

పాత_ఆర్కిటెక్ట్:
ఎవరూ అడగని అంకెలు కూడా ప్రమాదమే. సిస్టమ్ 99.9 శాతం అందుబాటులో ఉండాలంటే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగొచ్చు. ఎవరో ఉత్సాహంగా ఇంకో రెండు తొమ్మిదులు తగిలించి 99.999 చేస్తే ఏడాది మొత్తానికి మిగిలేది 5 నిమిషాల చిల్లర. ఆ రెండు తొమ్మిదుల కోసం ఆర్కిటెక్చరే మారిపోతుంది. అందుకే ప్రతిదాని పక్కన ఎవరు అడిగారో, ఎందుకో ఒక్క లైను ఉండాలి. మార్పులొచ్చినప్పుడు ఏది తీసేయొచ్చో చెప్పేది ఆ లైనే.

"డ్రాప్‌డౌన్ పెట్టాలి" లాంటివి డిజైన్‌కి వదిలేయండి. రిక్వైర్‌మెంట్‌లో "జాబితాలో ఉన్న జిల్లా మాత్రమే ఎంచుకోనివ్వాలి" అని రాస్తే చాలు.

కొత్త_బీఏ:
లాక్‌ది తిరగరాశాను:
"పాస్‌వర్డ్ వరుసగా 5 సార్లు తప్పితే, ఐదో తప్పుకే సిస్టమ్ అకౌంట్‌ను 30 నిమిషాలు లాక్ చేయాలి."
"మధ్యలో సరిగ్గా లాగిన్ అయితే తప్పుల లెక్క సున్నా కావాలి."
"లాక్‌లో ఉండగా సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా లాగిన్ కానివ్వకూడదు."

బగ్_వేట:
చాలా నయం. ఇంకొకటుంది: 30 నిమిషాలయ్యాక తప్పుల లెక్క ఎంత? సున్నా అని రాయకపోతే అది ఐదు దగ్గరే ఉండిపోవచ్చు. అప్పుడు 31వ నిమిషంలో ఒక్క అక్షరం తప్పినా మళ్లీ లాకే.